రేపు రండి

మార్చి 4

ఈ డైరీలో ఇకమీదట సొంత గొడవలు రాయకూడదని నిర్ణయించుకున్నాను. చరిత్ర మాత్రమే రాస్తాను.

ఈ రోజు అమ్మవాళ్ల కుట్టు షెడ్డు పీకేశారు. రేకులు ఒక లారీలో, గుంజలు ఇంకో లారీలో పోయాయి. ఆ స్థలంలో నెల రోజుల పాటు ‘ఇంటింటా సమృద్ధి’ ప్రదర్శన పెడతారట. రాష్ట్రంలో ప్రతి కుటుంబమూ పదేళ్లకల్లా ఎలా నాలుగు రాళ్లు వెనకేసుకుంటుందో జనానికి చూపిస్తారట. చూపించడానికి చోటు కావాలి కాబట్టి, ఇప్పటికే అంతో ఇంతో సంపాదించుకుంటున్న ముగ్గురు ఆడవాళ్లను అక్కడినుంచి లేపారు. అయిపోయాక మీ చోటు మీకే ఇస్తామన్నారు. నోటిమాట.

అమ్మ, పక్క మిషనత్త, బొత్తాల పిన్ని ముగ్గురూ మిషన్లను తోపుడుబండి మీద వేసుకుని మా ఇంటికి తెచ్చారు. ఇది ఎంత పెద్ద అన్యాయమో దారి పొడుగునా వాళ్లకు వివరించాను. సగం దూరం వచ్చాక అత్త ఆగి, "అల్లుడూ, ఆ వివరించేదేదో బండి నెడుతూ వివరించొచ్చుగా" అంది. ఆవిడకు చైతన్యం తక్కువ.

నాన్న పనిచేసిన సీసాల ఫ్యాక్టరీ మూతపడి రెండేళ్లు. నేను ఇంకా సమాజాన్ని అర్థం చేసుకునే దశలో ఉన్నాను. ఇల్లంతా అమ్మ మిషను మీదే నడుస్తోంది. ప్యాంటు అంచు మడిపించుకోడానికి మూడంతస్తులు ఎక్కి ఎవరొస్తారు అని అమ్మ ఒక్కసారే అంది. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. అదే నాకు ఎక్కువ మండింది.

చెల్లి నా దువ్వెన మళ్లీ తీసింది.

మార్చి 5

కరపత్రం మొదలుపెట్టాను. శీర్షిక: ‘సమృద్ధి ఎవరి సొత్తు?’ కింద గీత గీశాను. ఈ పూటకు ఇది చాలు.

మార్చి 8

కరపత్రం పూర్తయింది. నాలుగు పేజీలు. అమ్మ చదివి వినిపించమంది. మొదటి పేజీ చివరికి వచ్చేసరికి దారం అయిపోయిందని లేచి వెళ్లింది. నాన్న మాత్రం ఆఖరిదాకా కూర్చున్నారు. కళ్లు మూసుకుని విన్నారు. లేపితే, "బాగుందిరా" అన్నారు.

మా అధ్యయన మండలిలో సభ్యులం ఇద్దరం. రెండోవాడు వాళ్ల మామయ్య జిరాక్సు షాపులో కూర్చుంటాడు. రెండు పెద్ద కట్టలు తీసిచ్చాడు. కాగితం ఒకవైపే అచ్చయింది. రెండో వైపు ఖాళీ.

మార్చి 10

ప్రదర్శన అధికారి గదికి వెళ్లి కరపత్రం ఆయన బల్ల మీద విసిరికొట్టాను. విసిరికొట్టడం అంటే పెట్టాను. మధ్యలో టీ కప్పు ఉంది.

ఈయనకు నేను ‘చిరునవ్వు’ అని పేరు పెట్టాను. మొహం మీంచి నవ్వు దిగదు. కుర్చీ చూపించి, నాలుగు పేజీలూ ఓపిగ్గా చదివాడు. నా జీవితంలో ఆ నాలుగు పేజీలు పూర్తిగా చదివిన మొదటి మనిషి నా వర్గశత్రువు కావడం చరిత్రలోని వింత. చదివి, "ఇంత మంచి తెలుగు రాసేవాళ్లు ఈ రోజుల్లో దొరకడం లేదండీ. మా బోర్డులు రాసిపెడతారా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆలోచించుకుని చెబుతానన్నాను.

మార్చి 11

చేరాను. ఇది ఉద్యోగం కాదు. చొరబాటు.

మార్చి 15

బోర్డులు రాస్తున్నాను. ‘శ్రమ ఫలం ప్రతి గడపకూ చేరేవరకు విశ్రమించం.’ ఈ వాక్యం నా కరపత్రంలో రెండో పేజీలోది. ‘రేపటి వెలుగు కొందరిది కాదు, అందరిది.’ ఇది మూడో పేజీ. శత్రువు గోడకు నా వాక్యాలు ఎక్కించాను. వాడికి తెలియదు. తెలియకుండానే వాడి కోట లోపలినుంచి కూలుతోంది. కూలే లక్షణాలు ఇంకా పైకి కనిపించడం లేదు.

షెడ్డు ఉన్న చోటే, సరిగ్గా అక్కడే, ‘సమృద్ధి ఇల్లు’ కట్టారు. పదేళ్ల తర్వాత ప్రతి కుటుంబమూ ఉండబోయే ఇల్లట. ముందు గోడ లేదు. జనం తాడు అవతల నిలబడి లోపల మనుషులు హాయిగా బతుకుతుంటే చూడాలి. కుళాయిలో నీళ్లు రావు. ఫ్రిజ్ తలుపు తీస్తే లోపల కూరగాయల ఫొటో. పుస్తకాల బీరువాలో పుస్తకాల వీపులు మాత్రమే ఉన్నాయి. బట్టల బీరువా ఒక్కటే నిజమైనది, చాలా పెద్దది, పూర్తిగా ఖాళీ. మూల ఒక చెక్క కుట్టుమిషను ఉంది. చక్రం తిరగదు.

మార్చి 18

ఇంట్లో కుటుంబంగా ఉండడానికి మాట్లాడుకున్న నాటకంవాళ్లు రామన్నారు. ఇంకెక్కడో మంచి చావు సీను దొరికిందట. చిరునవ్వు నన్ను ఎగాదిగా చూసి, మీ ఇంట్లో ఎంతమంది అని అడిగాడు. అమ్మ, నాన్న, చెల్లి, నేను అన్నాను. సరిగ్గా సరిపోయిందన్నాడు.

ఆ మాట అనడానికి అతనికి ఎంత ధైర్యం. పని లేని తండ్రి, చోటు పోయిన తల్లి, దువ్వెనలు దొంగిలించే చెల్లి ఉన్న కుటుంబం సమృద్ధికి నమూనానా అని మొహం మీదే అడిగేశాను. లోపల అడిగాను. బయటికి, అడిగి చెబుతానన్నాను.

మార్చి 19

రాత్రి భోజనాల దగ్గర నా వ్యూహం వివరించాను. ఆ ఇల్లు ఉన్నది మన చోటులో. అందులో మనం కూర్చోవడం అంటే మన చోటును మనం స్వాధీనం చేసుకోవడమే. ఇది ప్రదర్శన కాదు, ఆక్రమణ.

"సోఫా ఉందా?" అని నాన్న అడిగారు.

"నేనక్కడ ఏం చెయ్యాలి?" అని చెల్లి అడిగింది. చదువుకుంటూ నవ్వాలి అన్నాను. ఏదో ఒకటే చేస్తాను అంది.

అమ్మ గిన్నెలన్నీ సర్దింది. చివరికి అడిగింది: "వెలుతురు ఏ వైపునుంచి వస్తుంది?"

ముందు గోడే లేదు కాబట్టి అంతా వెలుతురే అన్నాను. అయితే సరే అంది.

మార్చి 22

ప్రదర్శన మొదలైంది. నాకు కోటు, టై ఇచ్చారు. నేను మంచి ఉద్యోగం ఉన్న కొడుకును. కోటు జేబులు ఉత్తుత్తివి, పైన మూత కుట్టారు తప్ప లోపల సంచీ లేదు. కరపత్రం పెట్టుకోడానికి చోటు లేక నడుము దగ్గర దోపుకున్నాను. వంగితే గుచ్చుకుంటోంది.

నియమాలు మూడు పేజీలున్నాయి. సమృద్ధి కుటుంబం చెమట పట్టకూడదు. హడావిడి పడకూడదు. పని చేస్తూ కనబడకూడదు. జనం ఎవరైనా, మీరింతలా ఎలా బాగుపడ్డారని అడిగితే, ‘ప్రణాళికతో, పట్టుదలతో’ అని చెప్పాలి. ఆ జవాబు రాసింది నేనే. మొదటివాడు చెల్లిని అడిగాడు. "మా అన్నయ్య కబుర్లతో" అంది.

నాన్నకు ఇది బాగా కుదిరింది. పాత పేపరు పట్టుకుని సోఫాలో కాలు మీద కాలు వేసుకుంటే, పుట్టినప్పటినుంచీ అక్కడే కూర్చున్నట్టున్నారు. జనం ఆయన్ని ‘సార్’ అంటున్నారు. ఇంటికొచ్చాక కూడా పేపరు వదల్లేదు. "రిటైరవడం కూడా ఒక హోదాయే అని ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదురా" అన్నారు.

అమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. ఆ చేతులు అలా ఊరికే ఉండడం నేను ఎప్పుడూ చూడలేదు. చూడలేకపోయాను. కోటు బిగుతుగా ఉండడం వల్ల కావచ్చు.

మార్చి 24

అమ్మ చెక్క మిషనును మంచం కిందికి తోసేసి తన మిషను తెచ్చి పెట్టుకుంది. తాడు అవతల ఒకావిడ సంచీ పట్టీ తెగి వేలాడుతోందట. చూస్తూ ఎంతసేపని ఊరుకుంటాను అంది. పట్టీ కుట్టి ఇచ్చింది. ఆ వెనకాలాయన చొక్కా జేబు చిరిగింది. ఆ వెనకాల పాత ఖాతాదారు, "అమ్మా, మీరిక్కడున్నారా, ఊరంతా వెతుకుతున్నాం" అన్నాడు.

సాయంత్రానికి జనం ఫ్రిజ్‌ను చూడడం మానేశారు.

మార్చి 26

చిరునవ్వు వచ్చాడు. మొదటిసారి నవ్వు కొంచెం పక్కకు జరిగింది. కలిగిన ఇంటి ఇల్లాలు మిషను తొక్కుతుంటే తప్పుడు సందేశం వెళ్తుందన్నాడు. మిషను తీసెయ్యమన్నాడు. అమ్మ నావైపు చూసింది.

ఇలాంటప్పుడే సిద్ధాంతబలం ఉన్నవాడి విలువ తెలుస్తుంది. అరగంటలో బోర్డు రాసి తగిలించాను: ‘తీరిక వేళ గృహిణి అభిరుచి.’ చిరునవ్వు రెండుసార్లు చదివి, అభిరుచి అయితే ఫర్వాలేదన్నాడు. పొద్దున్న తొమ్మిదినుంచి సాయంత్రం ఏడుదాకా అమ్మ అభిరుచి సాగుతోంది.

ఇది రాజీ కాదు. భాషను ఆయుధంగా వాడడం.

మార్చి 30

నిన్న పక్క మిషనత్త తన మిషనుతో సహా వచ్చి కూర్చుంది. ఎవరని అడిగితే చుట్టపుచూపుగా వచ్చిన ఆడపడుచునంది. కలిగిన ఇంటికి చుట్టాలు రాకుండా ఎలా ఉంటారని చిరునవ్వునే ఎదురడిగింది. అతను ఆలోచించి, నిజమేనన్నాడు. ఈ రోజు బొత్తాల పిన్ని వచ్చింది. ఆవిడా చుట్టమే.

ఇప్పుడు మూడు మిషన్లూ పాత చోట్లోనే ఉన్నాయి. పైన రేకుల బదులు ఫ్యాను తిరుగుతోంది. నాకెందుకో తృప్తిగా లేదు. ఆక్రమణ అంటే ఇలా కాదు. ఎక్కడో నినాదం ఉండాలి.

ఏప్రిల్ 2

మండలి రెండో సభ్యుడు వచ్చాడు. తాడు అవతల నిలబడి, నా టై చూసి, ద్రోహి అన్నాడు. తాడు అవతల ఉన్నవాడికి లోపలి పోరాటం ఏం తెలుస్తుందని నేనూ అన్నాను. కాసేపు ఇద్దరం కేకలేసుకున్నాం. జనం ఇదీ ప్రదర్శనలో భాగమే అనుకుని చూశారు. తర్వాత వాడు గొంతు తగ్గించి, ఈ ఇంటికి అల్లుడి పాత్ర ఏమైనా ఉందా అని అడిగాడు.

చెల్లి పుస్తకంలోంచి తల ఎత్తకుండానే లేదంది.

ఏప్రిల్ 9

అమ్మకు ఏదో అయింది.

చెప్పిన రోజుకు బట్టలివ్వడం అమ్మకు ప్రాణం. తక్కిన దర్జీల దగ్గర వినే ‘రేపు రండి’ అన్న మాట ఆవిడ నోట నేను పుట్టి ఎరగను. ఇప్పుడు రోజంతా అదే. వచ్చిన ప్రతి బట్టా తీసుకుంటోంది, ఇవ్వడం లేదు. ఒక కాలు మడిచి ఇంకో కాలు వదిలేస్తోంది. కాజాలు తీసి బొత్తాలు పెట్టడం లేదు. ఎవరొచ్చి అడిగినా, "అయిపోవచ్చింది నాయనా, రేపు రండి."

బట్టల బీరువా నిండిపోయింది. అమ్మ ముసలిదైపోతోందా. నేను ఉద్యోగం చూసుకోవాలా. ఈ ఆలోచన రాగానే డైరీ మూసేశాను. మళ్లీ తెరిచాను. సొంత గొడవలు రాయకూడదు.

ఏప్రిల్ 12

అమ్మతో గొడవపడ్డాను. ఈ సుఖం నిన్ను పాడుచేసింది, ఫ్యాను కింద కూర్చునేసరికి బద్ధకం వచ్చింది, నిన్ను నమ్మి బట్టలిచ్చినవాళ్లకు ఇది ద్రోహం అన్నాను. అమ్మ పంటి కింద గుండుసూదులు పెట్టుకుని ఉంది. అత్త, పిన్ని ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వారు. చెల్లి, "నాయకుడు గారూ, కాస్త పక్కకు జరగండి, వెలుతురు పడటం లేదు" అంది.

కోటు ఇమ్మంది అమ్మ. ఇచ్చాను. తిరిగి ఇచ్చినప్పుడు చూస్తే జేబులకు లోపల సంచీలు కుట్టింది. గట్టి గుడ్డ. కరపత్రం సరిగ్గా పట్టింది.

కోపం తగ్గలేదని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

ఏప్రిల్ 16

ఏ బట్ట ఎవరిదో తెలియడం లేదని, బట్టకొకటి, మనిషికొకటి చీటీలకు కాగితాలు కావాలని అమ్మ అడిగింది. లేవన్నాను. ఇంట్లో మంచం కింద రెండు కట్టలున్నాయిగా, ఒకవైపు ఖాళీయేగా అంది. అవి కరపత్రాలని గుర్తుచేశాను. "వాటినే పంచాలంటున్నావుగా రోజూ" అంది.

నిరసనగా నేనే చింపి ఇచ్చాను. ఇంకెవరు చింపినా వాక్యం మధ్యలో చింపుతారు.

ఏప్రిల్ 19

రేపు ముగింపు. ముఖ్య అతిథి వస్తున్నాడు. వందన సమర్పణ నాకు అప్పగించారు.

ఇన్నాళ్లూ నేను ఎదురుచూసింది ఈ గడియ కోసమే. వందనం లేదు, సమర్పణ లేదు. జేబులోంచి కరపత్రం తీసి నాలుగు పేజీలూ చదువుతాను. అరెస్టు చేయవచ్చు. అమ్మకు చెప్పలేదు. గడ్డం గీసుకున్నాను, ఫొటోలు తీస్తారు కనుక.

ఏప్రిల్ 20

చదివాను.

ఒక్క మాట వదలకుండా చదివాను. ‘శ్రమ ఫలం ప్రతి గడపకూ చేరేవరకు’ దగ్గర చప్పట్లు మొదలయ్యాయి. ‘కొందరిది కాదు, అందరిది’ దగ్గర ముఖ్య అతిథి కూడా కొట్టాడు. నెల రోజులుగా గోడల మీద చదువుతున్నారు కాబట్టి సగం వాక్యాలు జనం నాకంటే ముందే అనేశారు. ‘సమృద్ధి ఎవరి సొత్తు?’ అని గర్జిస్తే, ముందు వరసలో పిల్లలు ‘మనదే’ అని అరిచారు. చిరునవ్వు కళ్లు తుడుచుకున్నాడు.

ముఖ్య అతిథి నన్ను కావలించుకుని, ఈ కుర్రవాడి మాటలతో మనసు మార్చుకున్నానని మైకులో చెప్పాడు. ఈ ఇల్లు పీకడానికి వీల్లేదన్నాడు. ముందువైపు అద్దం బిగించి, శాశ్వతంగా ఇక్కడే ఉంచి, రాష్ట్రంలోని ప్రతి కుటుంబానికీ చూపించాలన్నాడు. లోపల మనుషులు అక్కర్లేదు, బొమ్మలు చాలునన్నాడు.

శాశ్వతంగా. అమ్మ చోటులో.

ఇది నేను చదవడం వల్లే జరిగిందని అనలేం. చారిత్రక కారణాలున్నాయి.

ఇంటికొచ్చే దారిలో నాన్న పేపరు మడిచి జేబులో పెట్టుకున్నారు. చెల్లి నా దువ్వెన నాకు తిరిగిచ్చేసింది. అది భరించలేకపోయాను. అమ్మను అడిగాను, ఇప్పుడేం చేద్దామని. జీవితంలో మొదటిసారి అడిగాననుకుంటాను.

"పడుకో" అంది.

ఏప్రిల్ 21

సమృద్ధి ఇంటికి తెర దించి తాళం వేశారు. మిషన్లు లోపలే. బట్టలూ లోపలే. అమ్మ పగలంతా నిద్రపోయింది.

ఏప్రిల్ 22

జనం వచ్చారు.

నేను పొద్దున్నే అటు వెళ్లేసరికి గేటు దగ్గర పదిమంది. గంటలో రోడ్డు నిండింది. ఇంతమంది ఒకే మాట మీద నిలబడడం నేను కరపత్రాల్లో చదవడమే తప్ప చూడలేదు. ఆ మాట: మా ప్యాంట్లు మాకివ్వండి.

అందరి చేతుల్లో చీటీలు. పైకెత్తి ఊపుతున్నారు. ఒకవైపు నడుము కొలత, రెండోవైపు నా వాక్యాలు. రేపు ఇంటర్వ్యూ అని ఒకడు, ఆఫీసుకు వేసుకెళ్లడానికి ఇంకోటి లేదని ఒకడు, స్కూలు యూనిఫాంలు మూడూ ఇందులోనే ఉన్నాయని ఒకావిడ. గుంపును చెదరగొట్టడానికి కానిస్టేబుల్ వచ్చాడు. లాఠీ పైకెత్తాడు, ఏదో గుర్తొచ్చి దించాడు, జేబులోంచి చీటీ తీసి వరసలో నిలబడ్డాడు. అతని రెండో జత కూడా బీరువాలోనే ఉంది.

చిరునవ్వు పరిగెత్తుకుంటూ వచ్చాడు. బీరువా తెరిపించి ఎవరివి వాళ్లకిచ్చేయమన్నాడు. ఎవరి బట్ట తీసినా సగమే కుట్టి ఉంది. ఒంటికాలు ప్యాంటు పట్టుకుని ఒక పెద్దమనిషి, ఇదేనా మీ సమృద్ధి అని అడిగాడు. నాలుగు పేజీల్లో నేను అడగలేకపోయింది అదే.

చివరికి అమ్మకోసం కారు పంపారు. అమ్మ, అత్త, పిన్ని అందులో వచ్చి దిగారు. జనం దారిచ్చారు. అమ్మ తెర ఎత్తించింది. ఎవరి వంకా చూడకుండా బాబిన్‌కు దారం చుట్టుకుంది. అప్పుడు అన్నది, అందరికీ వినబడేలా, చాలా మామూలుగా:

"కంగారుపడకండి. అన్నీ అవుతాయి. మమ్మల్ని ఇక్కడ కూర్చోనిస్తే అవుతాయి."

జనమంతా తలతిప్పి చిరునవ్వు వైపు చూశారు.

కూర్చోండి అన్నాడు.

నేను అమ్మ పక్కన నిలబడి, అయితే ‘రేపు రండి’ అన్నదంతా ఇందుకేనా అని చెవిలో అడిగాను. కత్తెర అందుకోమంది.

ఏప్రిల్ 24

అద్దం బిగించేవాళ్లు వచ్చారు. వరసలో నిలబడ్డవాళ్లు వాళ్లను లోపలికి రానివ్వలేదు, వరస తప్పి వస్తున్నారనుకుని. పని కాదని తెలిసి, వాళ్లలో ఒకడు చొక్కా కాలర్ తిప్పించుకోడానికి ఇచ్చి వెళ్లాడు.

బట్టలు ఇస్తున్నకొద్దీ కొత్తవి వస్తున్నాయి. నాన్న సోఫాలో కూర్చుని బట్టలు తీసుకుంటున్నారు. మొహం చూసి ఎవరిదేదో చెప్పేస్తున్నారు. జనం ఆయన్ని ఇప్పటికీ సార్ అనే అంటున్నారు. ‘అభిరుచి’ బోర్డు తీసేస్తానన్నాను. ఉండనీ, ఎవరైనా అడిగితే పనికొస్తుందంది అమ్మ.

ఏప్రిల్ 27

నాకు కాజాలు తీయడం నేర్పుతోంది పిన్ని. ఇది ఉద్యోగం కాదు. ఏమిటో ఇంకా నిర్ణయించలేదు. ఈ రోజు తీసిన వాటిలో రెండు పనికొస్తాయంది.

సాయంత్రం చిరునవ్వు ఒక్కడే వచ్చాడు. నడుము బిగుతైన ప్యాంటు ఒకటి ప్రదర్శన రోజుల్లోనే ఇచ్చి ఉన్నాడు. వరసలో నిలబడి, తన వంతు వచ్చాక, రెండు అడిగాడు. ప్యాంటు ఎప్పుడిస్తారని. పైనుంచి ఫోన్లు వస్తున్నాయి, ఇల్లు ఎప్పుడు ఖాళీ చేస్తారని.

నేను అతని ప్యాంటు వెతికి తీశాను. చీటీ వెనక నా మూడో పేజీ, మధ్యలో చిరగకుండా ఉంది. నడుము వదులు చేయాలని రాసి ఉంది.

అమ్మ మిషను ఆపలేదు. రెండింటికీ కలిపి ఒకే జవాబు చెప్పింది.

"అయిపోవచ్చింది నాయనా. రేపు రండి."